వాచీ వెనకబడుతోందని నేను చెప్పలేదు

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకొని తిరుగుతున్నాను. అన్నం మింగుతాను, నీళ్లు తాగుతాను, అది మాత్రం దిగదు. బయటికీ రాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసిన ముఖమైతే నా నోరు పెగిలేది కాదు.

మా నాన్న తొర్రూరులో వాచీలు బాగుచేసేవాడు. ఆయన బల్ల కింద ఆడుకుంటూ పెరిగాను. కీ ఇచ్చే వాచీకి సర్వీసింగ్ ఎప్పుడు కావాలో పిల్లప్పుడే నా చెవికి తెలుసు. లోపల నూనె ఆరిపోతే చప్పుడు మారుతుంది, కాలు నొప్పి ఉన్న మనిషి నడిచినట్టు ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా పడుతుంది. కీ తిప్పుతుంటే వేళ్ల కింద ఇసుక తగిలినట్టుంటుంది. పడుకునే ముందు నిండుగా కీ ఇచ్చినా తెల్లారేసరికి అలసిపోతుంది. రోజూ కొన్ని నిమిషాలు వెనకబడుతుంది.

పెళ్లయి హనుమకొండ వచ్చాను. మా మామయ్య చర్చిలో గంట కొట్టేవాడు. జీతం లేని పని. అయినా ఆదివారం పొద్దున ఆయన నడక చూడాలి, ఊరంతా ఆయన లాగే తాడుతోనే నిద్ర లేస్తుందన్నట్టు ఉండేది. ఫోన్లో టైం నమ్మేవాడు కాదు. గోడ గడియారం కూడా ఆయన చేతి వాచీని చూసే నడవాలి. నేనూ అలాగే నడవాలి. టీ తెస్తే నా ముఖం చూడడు, వాచీ చూస్తాడు. అన్నం పెడితే వాచీ చూస్తాడు. ఒక్క మాట అనడు. అంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. నాకు నోటి దూల తక్కువేం కాదు.

ఆ ఎండాకాలపు మధ్యాహ్నాలు ఇప్పటికీ కలలాగే గుర్తున్నాయి. కర్టెన్ సందులోంచి పచ్చటి వెలుతురు, కూలర్‌లో తడిసిన గడ్డి వాసన. ఒకనాడు నేను కుట్టుమిషను మీద తల వాల్చి కునుకు తీస్తున్నాను. పక్కనే మంచం మీద మామయ్య నిద్రపోతున్నాడు, చెయ్యి మంచం పట్టె మీద ఉంది. నిద్రకూ మెలకువకూ నడుమ ఆయన వాచీ వినిపించింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా. మళ్లీ నాన్న బల్ల కింద ఉన్నట్టనిపించింది. నూనె ఆరిపోయింది, లేచాక చెప్పాలి అనుకున్నాను. లేచాక చెప్పలేదు.

ఎందుకు? ఒక్కసారైనా ఆయనకు ఆలస్యం కావాలని. పగ అనడానికి కూడా చాలనంత చిన్న ముచ్చట.

ఆ ముచ్చట తీరింది. ఒక ఆదివారం మామయ్య చర్చికి చేరేసరికి మొదటి పాట అయిపోయింది. గంట లేకుండానే ఆరాధన మొదలైంది. ఇంటికొచ్చి వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు.

"బిడ్డా, నువ్వు వాచీలోళ్ల ఇంటి పిల్లవు. జర చెవుల పెట్టుకొని చూడు. సర్వీసింగ్‌కు వచ్చిందా?"

పెట్టుకున్నాను. చప్పుడు అలాగే కుంటుతోంది.

"వాచీ మంచిగనే ఉంది మామా. కీ ఇచ్చేటప్పుడు మీరే ముండ్లు కదిలిస్తాండ్రు. జర మరుపు వస్తాందేమో మీకు."

"అట్లనా బిడ్డా? ఏమో, వస్తాందేమో."

నమ్మాడు. నేను అబద్ధం చెబుతానని ఆయనకు తోచనే లేదు.

మళ్లీ ఆలస్యమైంది, మళ్లీ అయింది. సంఘ పెద్దలు ఎంతో మర్యాదగా, ఇక విశ్రాంతి తీసుకోమని చెప్పి తాడు ఇంకొకరికి ఇచ్చారు. మా ఆయనకు డోర్నకల్‌లో రైల్వే పని, వారానికోసారి వచ్చేవాడు. వాచీని దుకాణంలో చూపిస్తానన్నాడు. వెనక మూత తీస్తే నూనె ఆరిందని ఎవరైనా చెప్పేస్తారు. అందుకే బెల్టు మార్పిస్తానని మామయ్య దగ్గర వాచీ తీసుకొని, చౌరస్తాలో నేనే సర్వీసింగ్ చేయించాను. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పలేదు. తర్వాతి వారం మా ఆయన వాచీ పక్కన ఫోన్ పెట్టి చూశాడు.

"చూసినవా నాన్నా, నిమిషం తేడా లేదు" అన్నాడు, ప్రేమగానే.

ఆ రోజు నుంచి మామయ్య తనను తాను నమ్మడం మానేశాడు. కడిగిన చెయ్యి ఇంకా తడిగా ఉండగానే, తిన్ననా బిడ్డా అని అడిగేవాడు. గేటు దాటాలన్నా నన్నే అడిగేవాడు. గుర్తులేక కాదు, గుర్తున్నది నిజమో కాదో తేల్చుకోలేక. ఆ తేడా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. భయమా, సిగ్గా, లేక ఆయన నన్ను నమ్మినంతగా పుట్టింట్లో కూడా ఎవరూ నమ్మలేదే, ఆ నమ్మకం పోతుందనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా నాకు దొరకదు. ఆయన అలా అడుగుతూ అడుగుతూనే పోయాడు. మతి పోయినా మంచి మనిషని సమాధి దగ్గర అందరూ అన్నారు. నేనూ తలూపాను.

కలలో వస్తాడు. కోపంగా రాడు. గుమ్మంలో నిలబడి, లోపలికి రావచ్చా బిడ్డా అని అడుగుతాడు. రమ్మనడానికి నోరు తెరుస్తాను, మాట రాదు. ఆయన అలాగే నిలబడి ఉంటాడు.

ఈ మధ్య మా ఆయన బండి తాళం ఎక్కడో పెట్టి మర్చిపోయాడు. అందరూ మర్చిపోయేదే. కానీ ఆయన కుర్చీలో కూలబడి, "నాన్నకు వచ్చిందే నాకూ వస్తాంది" అన్నాడు. ముఖంలో నెత్తురు లేదు. రేపు దవాఖానకు పోతాం. ఇంట్లో ఎవరికైనా ఉందా అని డాక్టరు అడుగుతాడు. మా నాన్నకు ఉండె అని ఈయన చెబుతాడు. నేను పక్కనే కూర్చొని ఉంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు, అడగాల్సిన మనిషి లేడు. రేపు మా ఆయన చెప్పులు వేసుకునేలోపు చెప్పాలి. చెబుతానో లేదో నా మీద నాకే నమ్మకం లేదు, కానీ ఇక్కడ రాస్తుంటే ఇన్నాళ్లకు ఊపిరి ఆడుతోంది.

మామయ్యకు మరుపు రాలేదు. వాచీలో నూనె ఆరిపోయింది. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు.