సాంచాల మధ్య పడ్డాను

సాంచాల షెడ్డులో నాకు కర్రతో పని ఉండేది కాదు. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలనే అంటాం. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడింది. బయట కర్ర లేకపోతే నాలుగడుగులు వేయలేను. షెడ్డులో మాత్రం అటొక సాంచ, ఇటొక సాంచ. రెండు పక్కలా ఇనుప చట్రాలు పట్టుకుని చకచకా పోయేవాణ్ని. నాలుగు సాంచాలు నావి. ఏది ఆగిందో వెనక్కి తిరక్కుండానే చప్పుడును బట్టి చెప్పేవాణ్ని. అట్లా పదకొండేళ్లు కూలికి నడిపాను. నాకది గొప్పగానే ఉండేది, దాచడమెందుకు?

కిందటేడు కరీంనగర్ నుంచి ఒక యూట్యూబ్ చానల్ అతను కెమెరా పట్టుకుని వచ్చాడు. మూడు చక్రాల బండికి నేను దరఖాస్తు పెట్టుకుని తిరుగుతున్న సంగతి ఎవరో చెప్పారట. పని చేస్తుంటే తీస్తాడనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. సాంచాల మధ్య చకచకా తిరుగుతున్న నన్ను చూడగానే అతని మొహం చిన్నబోయింది.

"గీ చప్పుడుల మాట వినరాదన్నా. ఇంటికాడ తీద్దాం," అన్నాడు.

ఇంటికొచ్చాక చొక్కా మార్చమన్నాడు. కర్ర పక్కన పెట్టి వాకిట్లో పాకుతూ రమ్మన్నాడు.

"నేనెప్పుడు పాకలే. నడుస్త," అన్నాను.

"జర ఒక్కసారన్నా. చూసెటోళ్లకు బాధ తెల్వాలె గద. అప్పుడే బండి వస్తది."

బండి మీద ఆశ. పాకాను. సరిగా రాలేదని అతను నసుగుతుంటే, ఈసారి పడిపోయినట్టు చేస్తానని నేనే అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

వీడియో ఊరంతా చూసింది. ఏడుపు సంగీతం, వాకిట్లో పడి ఉన్న నేను. సాంచాల ఊసే లేదు. నన్ను కన్న మా అవ్వ కూడా ఫోన్ చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"అవ్వా, నేను గట్ల పాకంగ నువ్వెప్పుడన్న చూసినవా?"

"చూడలే బిడ్డా. అయినా ఏడ్పొస్తుంది."

మర్నాడు షెడ్డుకు పోయేసరికి ఆసామి, అంటే సాంచాల యజమాని, నాకోసం కుర్చీ వేయించి ఉంచాడు.

"నీకు గింత కష్టమున్నదని మాకెరుకలే. కూసోని కండెలు చుట్టు. సాంచాలు ఇంకొకలకు ఇస్త."

నేతకు నూలు కండెలు చుట్టడం చిన్న పనేం కాదు, మా అవ్వ జన్మంతా చేసింది అదే. కానీ ఆ నాలుగు సాంచాలు నావి.

"పదకొండేండ్ల సంది కండ్లార చూస్తున్నవు గద. ఒక్క వీడియోతోని మారిపోయిన్నా?"

"రేపేమన్న అయితే అందరు నన్నే అంటరు."

"నడిపి చూపెడ్త. అప్పుడు చెప్పు."

కర్ర తలుపుకు ఆనించి, ఎప్పటిలాగే చట్రం కోసం చెయ్యి చాపాను. అంతలో పక్క సాంచాల వాళ్లిద్దరు పని వదిలి పరుగెత్తుకొచ్చారు. ఇన్నేళ్లలో ఒక్కనాడూ నన్ను పట్టుకోనివాళ్లు. ఒకతను చెయ్యి పట్టుకున్నాడు, ఇంకొకతను నడుము.

"పైలం అన్నా, పైలం."

విడవమన్నా వినలేదు. చట్రం నా చేతికి అందలేదు. తూలి, వాళ్లిద్దరి మధ్యనే కింద పడ్డాను.

ఈసారి అది నటన కాదు.  ఆసామి తలుపు దగ్గరి నుంచి నా కర్ర తెచ్చి, కండెల యంత్రం ముందున్న కుర్చీకి ఆనించాడు.