పద్నాలుగో గడి

ఆ రోజుల్లో కొల్లేరు లంకల్లోకి కాగితం చుట్ట చంకన పెట్టుకుని వెళ్ళకూడదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి. ఇరవై మూడేళ్ళ వయసు, తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో కొత్తగా దొరికిన డ్రాయింగు మేష్టారి ఉద్యోగం, గడ్డం కాస్త పెంచితే ఆర్టిస్టునైపోయినట్టేనన్న నమ్మకం. పేపరు చదివే అలవాటు లేదు. సరస్సుని ఆక్రమించి తవ్వారంటూ చేపల చెరువుల గట్లు గవర్నమెంటువాళ్ళు కొట్టేస్తారని, అందుకోసం ఎవరెవరో వచ్చి కొలతలు తీసుకుపోతున్నారని లంకల్లో జనం కంటిమీద కునుకు లేకుండా ఉన్నారు. ఆ సంగతి లోకంలో నాకొక్కడికే తెలియదు.

నేను వెళ్ళింది స్కూలు వార్షికోత్సవం కోసం. స్టేజీ వెనక గోడకి ఎనిమిదడుగుల బొమ్మ కావాలన్నారు కరస్పాండెంటు గారు. పూర్వం మన వేంగి దాకా వచ్చిన చైనా యాత్రికుడు పడవలో కొల్లేరు దాటుతున్నట్టు వేస్తానన్నాను. (దాటాడో లేదో ఆయనకే తెలియాలి.) అక్కడితో ఊరుకోవచ్చుగా! "రంగులు ముట్టుకోనండి. కొల్లేట్లో దొరికే పొలుసులూ, ఈకలూ, తుంగా అంటించే కొల్లేరు చూపిస్తాను" అని కోతలు కోశాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "బాగుంటే పైయేడు కూడా ఉందురుగాని" అన్నారు. బాగోకపోతే ఏమిటన్నది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

చిన్న బొమ్మని పెద్దది చెయ్యాలంటే గళ్ళు గీసుకోవడం మాకు మామూలే. గుడ్డ అంటించిన పెద్ద కాగితం మీద స్కెచ్ పెన్నుతో గళ్ళు గీసి, ఏ గడిలో ఏం అంటించాలో గుర్తుండటానికి నంబర్లు వేశాను. యాత్రికుడి మొహం వచ్చేది పద్నాలుగో గడిలో. అక్కడేమీ అంటించకూడదు కనక ఎర్రగా ఇంటూ పెట్టాను. యాత్రికుడూ పడవా మాత్రం లేత పెన్సిల్ గీతల్లో ఉన్నాయి. అంటే చూసేవాళ్ళకి కనిపించేది కొల్లేరు అంచు, దాని లోపల గళ్ళు, గళ్ళలో నంబర్లు. అది అచ్చం సర్వే పటంలా ఉందని నా బుర్రకి తట్టనే లేదు.

ఏలూరులో బస్సు మారి, చివర్న పడవెక్కి లంకలో దిగాను. ఒక మామ్మగారి అరుగు మీద కాగితం పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, "కాసిని బొచ్చె చేప పొలుసులు దొరుకుతాయా అండీ?" అని అడిగాను. అయిదు నిమిషాల్లో ఊరంతా చుట్టూ చేరింది. కాగితం చూస్తారు, నన్ను చూస్తారు, మళ్ళీ కాగితం చూస్తారు. ఒకాయన నా చెప్పులు కూడా చూశాడు. ఆ తరవాత మొదలైంది మర్యాద! కుర్చీ వచ్చింది, కొబ్బరిబొండం వచ్చింది, విసనకర్ర వచ్చింది. మామ్మగారు కొర్రమీను పులుసు పెట్టి, వద్దన్నకొద్దీ వడ్డించారు. పల్లెల్లో కళంటే ఎంత గౌరవమో అనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాను.

చెయ్యి కడుక్కోగానే చెరువుల సొసైటీ పెద్దాయన పక్కన చేరారు.

"తమరు ఏ ఆఫీసు నుంచండీ?"

"ఆఫీసు కాదండీ, స్కూలు."

"అలాగేనండి. మొన్నొచ్చినాయన చేపలు కొనడానికొచ్చానన్నాడండి. ఆయన దగ్గరా టేపుందండి."

నా జేబులోంచి గళ్ళు కొలుచుకునే టేపు తొంగిచూస్తోంది. గబుక్కున లోపలికి తోశాను. అది ఇంకా తప్పయిపోయింది.

"ఇది బొమ్మండీ బాబూ. చైనా ఆయన బొమ్మ."

"అమ్మో, చైనావోళ్ళు కూడా దిగేరాండీ ఇందులోకి?" అని వెనకనుంచి ఎవరో కంగారుపడ్డారు.

మామ్మగారు మాత్రం ఎర్ర ఇంటూ మీంచి చూపు తిప్పలేదు. "బాబూ, ఈ గుర్తెట్టింది ఎవరి చెరువండీ?"

"చెరువు కాదండీ మామ్మగారూ, మొహం."

"మొహమేలెండి. మా గట్టు కూడా సరిగ్గా ఈ మూలే ఉంటదండి. మా ఆయన పోయాక నాకున్నదల్లా అందులో వాటాయేనండి. అది కొట్టేత్తే నేనేం తినాలండీ?"

ఆ పులుసు నాకెందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. చచ్చేంత సిగ్గేసింది, దాంతోపాటు భయమూ వేసింది. ఒట్లు పెట్టాను. గుర్తింపు కార్డు చూపిద్దామంటే స్కూలువాళ్ళు ఇంకా ఇవ్వలేదు. చివరికి, "మీ ముందే అంటించి చూపిస్తాను, కాస్త మైదా జిగురు కాయించండి" అన్నాను.

ఒకటో గడిలో నాలుగు పొలుసులు అంటించానో లేదో, పెద్దాయన మొహం వెలిగిపోయింది. "నంబరు కనపడకుండా పోతందండోయ్!" అన్నారు. అంతే! పొలుసులు బుట్టలతో వచ్చాయి. కొంగ ఈకలు, తుంగ, పాత వలముక్కలు, మేత సంచుల పీలికలు వచ్చాయి. ఎవరి చెరువు ఏ మూలుంటే వాళ్ళు ఆ మూల గడి దగ్గర బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. అంటించాక గోకి చూసుకున్నారు. అక్కడ ఆకాశం వస్తుందండీ, పొలుసులు వద్దండీ అంటే, "ఉండనీండి, మంచిదే కదండీ" అన్నారు. మామ్మగారు పద్నాలుగో గడిని నాకు దక్కనివ్వలేదు. పొలుసు మీద పొలుసు అద్ది, ఇంటూ పూర్తిగా మాయమయ్యాక, "ఇంక ఎవరికీ కనపడదు కదండీ?" అన్నారు. కనపడదండి అన్నాను. మా యాత్రికుడికి మొహం లేకుండా పోయింది.

వార్షికోత్సవం నాడు స్టేజీ అంతా చేపల కంపు. అయితేనేం, దీపాల వెలుగులో ఆ పొలుసులు అచ్చం నీళ్ళలా మెరిశాయి. యాత్రికుడు ఎండకి ముసుగేసుకున్నాడని చెప్పాను. "కొత్తగా ఉందండీ" అన్నారు కరస్పాండెంటు గారు. పైయేటికి ఉద్యోగం ఖాయమైంది. ముఖ్య అతిథిగా వచ్చిన ఆఫీసరుగారు ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "ఇది ఏ ఊరి వైపండీ?" అన్నారు. నేను పొంగిపోయి ఊరిపేరు చెప్పాను. ఆయనది ఏ శాఖో కూడా కనుక్కోలేదు.

కొన్ని నెలలకి గట్లు కొట్టేశారు. ఆ లంకవీ పోయాయి. ఉండబట్టలేక వెళ్ళాను. మామ్మగారు బాగా చిక్కిపోయారు. రొయ్యలు ఒలిచే షెడ్డుకి పనికి పోతున్నానన్నారు. మంచినీళ్ళిచ్చి, గొంతు తగ్గించి, "బాబూ, మన బొమ్మ ఎవరికీ చూపించలేదు కదండీ?" అని అడిగారు.

"లేదండి మామ్మగారూ" అన్నాను.

ఆవిడ వెంటనే వీధివైపు తిరిగి, "చూశారా, నేను చెప్పలేదా, ఈ మేష్టారు అలాంటోరు కాదని!" అని ఊరందరికీ వినపడేలా కేకేశారు. నేను మంచినీళ్ళ గ్లాసెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

చెరువుల లెక్కలన్నీ ఆఫీసుల్లో అప్పటికే ఉన్నాయనీ, పొలుసుల బొమ్మ చూసి ఎవరూ గట్లు కొట్టరనీ ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఆ వెర్రిబాగులవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూనే ఉంటాను. అయినా ఈనాటికీ నా బొమ్మ చూసి ఎవరైనా ముచ్చటపడి ఇది ఏ ఊరని అడిగితే, ఏ ఊరూ కాదండీ, ఊహించి వేశాను అంటాను.