మార్తమ్మగారి లేసు అంచు

2022 చివర్లో సంగతి. నరసాపురంలో మాది లేసు దారాల కొట్టు. ఆడవాళ్లు ఇళ్లలో అల్లి తెచ్చిన లేసును చెకింగ్ చేయడం, అంటే కుట్లు సమంగా ఉన్నాయో లేదో చూసి తీసుకోవడం నా పని. బడి చదువు పదితోనే ఆగినా, శాఖా గ్రంథాలయంలో అల్లికల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం.

ఒకరోజు పక్కవీధిలో కిరాణా కొట్టు నడిపే నాగరత్నంగారు సగం అల్లిన లేసు అంచు తెచ్చి నా ముందు పెట్టారు.

“మా మార్తమ్మది బాబూ. చర్చిలో ప్రభు భోజనపు బల్ల గుడ్డకి క్రిస్మస్‌లోగా ఇస్తానంది. ఈలోపే పోయింది. మిగతాది నేనల్లుతాను, నేర్పు.”

మార్తమ్మగారు రిటైరైన టీచరు. బేరాలుండని మధ్యాహ్నం వేళ నాగరత్నంగారి కొట్టు అరుగు మీద కూర్చుని లేసు అల్లుకునేవారు.

“ఆవిడ దగ్గరే నేర్చుకోలేకపోయారా పిన్నిగారూ?”

“బాగుంది! ఇద్దరం తలొంచుకుని అల్లితే కబుర్లెవరు చెబుతారు?”

కుట్లు త్వరగానే పట్టుబడ్డాయి. కానీ ఆవిడ ఏది అల్లినా గిన్నెలా ముడుచుకుపోయేది. కారణం టెన్షన్, అంటే దారం లాగే బిగువు. ఏళ్ల తరబడి పురికొసతో పొట్లాలు కట్టిన చెయ్యి. ప్రతి కుట్టునూ ముడి బిగించినట్టు లాగేసేది.

“అది బెల్లం పొట్లం కాదండీ!”

“వదులుగా వేస్తే ఊడిపోదేంటి?”

బిగువు చెయ్యికి లావు సూది ఇవ్వాలని పుస్తకంలో చదివింది గుర్తొచ్చి, అలాగే ఇచ్చాను. లేసు చక్కగా పరుచుకుంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మార్తమ్మగారి చివరి వరసలు బాగా వదులు. వాటిని అలా వదిలేస్తే అంచు అలలా పైకి లేస్తుంది. అలాంటివి విప్పి మళ్లీ అల్లడం మా పద్ధతి. ఆ మాటే చెప్పి దారం కొస అందుకున్నాను. ఆవిడ నా చెయ్యి మీద ఒక్కటిచ్చారు.

“ముట్టుకోకు! మంచం మీద కూర్చుని, చేతులు వణుకుతుంటే అల్లింది. నేను పక్కనే ఉన్నాను. ఒక్క కుట్టు విప్పినా నీ కొట్టు గడప తొక్కను.”

“చర్చివాళ్లు బాగాలేదంటేనండీ?”

“అంటే నాతో అనమను.”

చివరికి నాగరత్నంగారి వాటాను విడిగా అల్లించాను. పెద్ద దుప్పట్లకు వేర్వేరు చేతులు అల్లిన ముక్కల్ని జాయింట్ చేసినట్టే, రెండు ముక్కల్నీ గుడ్డ మూల దగ్గర కలిపాం. మూల తిరగాలంటే లేసు ఎలాగూ కాస్త వదులుండాలి. వణికే చేతి వరసలు అక్కడ ముడత లేకుండా కుదురుకున్నాయి.

క్రిస్మస్ నాడు నేనూ చర్చికి వెళ్లాను. ఒక చెయ్యి ఎక్కడ ఆగిందో, ఇంకో చెయ్యి ఎక్కడ అందుకుందో నా కంటికి తెలుస్తూనే ఉంది. ఇంకెవరూ గమనించకూడదని నేను అనుకుంటుండగానే, నాగరత్నంగారు ఆ మూల మీద వేలు పెట్టి వచ్చినవాళ్లందరినీ పిలిచి చూపిస్తున్నారు.

“ఇదిగోండి, ఇక్కడిదాకా మార్తమ్మ. ఇక్కణ్నుంచి నేను.”

అతుకు కనపడకుండా చేయడమే మా పనిలో నేర్పు. అమ్మే లేసుకు ఇప్పటికీ అదే నియమం. కానీ పోయినవాళ్లు సగంలో వదిలిన పని ఎవరైనా తెస్తే, దారం కొస పట్టుకునే ముందు, ఆ చివరి వరస అల్లుతున్నప్పుడు పక్కన ఎవరున్నారని అడుగుతాను.