అది సరే, అసలు ఏ ఊరు?

తెల్లవాళ్ళెవరైనా ఎదురుపడితే ఊరు అడగకుండా వదలకపోవడం ఎస్సెలీన్ పిన్నికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. అరవై ఎనిమిదేళ్ళ ఒంట్లో అదీ, ఎడమ మోకాలూ తప్ప మరే లోటూ లేదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోనే పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లోనే చీజ్ కొట్టు నడుపుతున్న గెర్‌బ్రాండ్‌కి కూడా ఆ పరీక్ష తప్పలేదు.

"ఏ ఊరు బాబూ మీది?"

"ఈ ఊరేనమ్మా."

"అది సరే. అసలు ఏ ఊరు?"

"మా నాన్నది జ్వోలె. ఇక్కడికి రైల్లో గంట."

"అలాగా. అంతకు ముందు?"

అంతకు ముందేమిటో అతనికి తెలియదు. పిన్ని జాలిపడి, పోనీలే, డచ్చి మాత్రం ముచ్చటగా మాట్లాడుతున్నావు, ఎక్కడ నేర్చుకున్నావేమిటి అని మెచ్చుకుంది. గెర్‌బ్రాండ్ రెండు వారాలు నిద్ర మానుకుని పాత కాగితాలు తవ్వాడు. ముత్తాతకు తాత ఎవరో ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చినట్టు తేలింది. తప్పు ఒప్పుకునేవాడిలా ఆ సంగతి చెబితే పిన్ని అతని భుజం తట్టి, ఫరవాలేదు, మెల్లిగా అలవాటు పడతారులే అంది.

మోకాలు చూస్తున్న డాక్టరును, ఇక్కడి వాతావరణం ఒంటికి పడుతోందా, సొంత ఊరికి ఎప్పుడు వెళ్ళిపోతున్నారు అని అడిగింది. ఆయన మోకాలు వదిలేసి, వాళ్ళ నాయనమ్మ జర్మనీ నుంచి ఒక పెట్టెతో దిగిన కథ మొదలుపెట్టాడు. బయట ఏడుగురు రోగులు కాచుకుని కూర్చున్నారు. లైబ్రరీలో ఎండుగడ్డిరంగు జుట్టమ్మాయిని, ఇది నీ సొంత జుట్టేనా, ఒక్కసారి ముట్టుకోనా అంది. ఆ పిల్ల బిత్తరపోయి తల వంచింది.

ఇదంతా పక్కన నిలబడి చూస్తూ సిగ్గుతో చచ్చిపోయేది షెరిడా. పిన్నికి అక్క కూతురు. సూరినామ్‌లోని పారమారిబో నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది, పిన్ని ఇంట్లోనే ఉంటోంది.

"పాపం, వాళ్ళనెందుకు పిన్నీ అలా వేధిస్తావు?"

"వేధించడమేంటే? మన ఊళ్ళో మూడొందల ఏళ్ళు దొరతనం చేస్తూ ఉన్నారు వీళ్ళు. ఎక్కడివాళ్ళు నాయనా అని మనవాళ్ళొక్కరూ అడిగిన పాపాన పోలేదు. మర్యాద తెలీని జనం అనుకోరూ? అప్పుడు అడగలేదని ఇప్పుడు అడుగుతున్నా."

షెరిడా బెంగ వేరు. పారమారిబోలో ఆరేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఇక్కడ ట్రాము నడపాలని ఆశ. ఇప్పటికి రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్ళి వచ్చింది. రెండుసార్లూ మొదటి ప్రశ్న ఒకటే, ఎక్కడివారు అని. ఫలానా పేట అంటే కాదు, అసలు ఎక్కడ అనేవారు. ఆమె అమ్మమ్మ నల్లమనిషి, తాత జావా నుంచి కూలికి వచ్చినవాడు. ఆ కథలో ఆయన ఓడ దిగేసరికే ఇంటర్వ్యూకు ఇచ్చిన పావుగంటా అయిపోయేది. ట్రాము ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. మూడోసారి తప్పితే ఇక పిలవరు.

ఆ మూడోసారికి తనూ వస్తానని పిన్ని పట్టుబట్టింది. వరండాలో బల్ల మీద కూర్చుంటావు, ఎవరితోనూ మాట్లాడవు, ఒట్టు వెయ్యమంది షెరిడా. పిన్ని వేసింది.

షెరిడా లోపల ఇద్దరు అధికారుల ఎదుట కూర్చుని ఉంది. ఇంటర్వ్యూ చేసే పెద్దాయన, హుక్‌స్ట్రా, కాఫీ కప్పు పట్టుకుని వస్తున్న అడుగుల చప్పుడు వినబడింది. తలుపు దగ్గర ఆగిపోయింది. ఆ వెంటనే పిన్ని గొంతు, తేనె పూసినట్టుగా, "అది సరేనండీ, అసలు ఏ ఊరు?"

షెరిడా కళ్ళు మూసుకుంది. అయిపోయింది, ఇక ఇళ్ళు తుడుచుకుని బతకడమే అనుకుంది.

పది నిమిషాలకు హుక్‌స్ట్రా లోపలికి వచ్చాడు. కాఫీ చల్లారిపోయింది, మొహం మాత్రం ఎర్రగా ఉంది. వాళ్ళ తాత పొట్ట చేత పట్టుకుని పోలండ్ నుంచి బొగ్గుగనులకు వచ్చాడని, ఇంటిపేరు తల్లి తరఫుదని, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదని తోటివాళ్ళకు చెప్పుకుంటూ కూర్చున్నాడు. తర్వాత షెరిడా వైపు చూసి, అలవాటుగా నోరు తెరిచాడు. మూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"పట్టాల మీద తడి ఆకులున్నాయి. ఎదురుగా సైకిలు. ఏం చేస్తారు?"

ఎనిమిది నెలలుగా ఎవరూ అడగని ప్రశ్న. షెరిడా బ్రేకుతో మొదలుపెట్టి గంట మోగించడం దాకా ఆగకుండా చెప్పింది. వాళ్ళు ఇంకొకటి అడిగారు, మరొకటి అడిగారు. లేచేటప్పుడు, వచ్చే నెల మొదటి సోమవారం శిక్షణకు రమ్మన్నారు.

బయట పిన్ని ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. ఒట్టు వేశావు కదా అంటే, "నేనెక్కడ మాట్లాడానే? అడిగానంతే. మాట్లాడింది ఆయన," అంది.

సాయంత్రం ఈ కబురు చెప్పడానికి షెరిడా ఒక్కతే చీజ్ కొట్టుకు వెళ్ళింది. గెర్‌బ్రాండ్ సంతోషించి పెద్ద ముక్క కోసిచ్చాడు. పిన్ని తరఫున ఆమె క్షమాపణ చెప్పబోతే తల అడ్డంగా ఊపాడు.

"ఇరవై ఏళ్ళుగా వస్తోంది ఆవిడ. చీజ్ కొంటుంది, వానను తిడుతుంది, పోతుంది. ఊరి సంగతి మొదటిసారి అడిగింది మిమ్మల్ని వెంటబెట్టుకొచ్చిన రోజే. ఆ రోజు నేను మిమ్మల్ని చూసి నోరు తెరవబోయాను. నాకంటే ముందు ఆవిడ తెరిచింది."

"మీరేం అడగబోయారు?"

గెర్‌బ్రాండ్ తల దించుకుని కత్తి తుడవసాగాడు.

ఇంటిదారిలో షెరిడా లెక్క సరిచూసుకుంది. డాక్టరు దగ్గర, లైబ్రరీలో, బజారులో, పిన్ని పక్కనున్నంతసేపూ ఎవరూ తనను ఆ మాట అడగలేదు. వాళ్ళకు తీరిక ఉంటేగా.

గుమ్మంలోనే నిలదీసింది. "నువ్వొచ్చిన కొత్తలో నిన్నూ అడిగేవాళ్ళా పిన్నీ?"

"రోజూనూ. చెప్పి చెప్పి ఊపిరాడేది కాదు. ఇప్పుడు చూడు, వాళ్ళు చెబుతారు, నేను హాయిగా వింటాను." అంటూనే పిన్ని కోటు తగిలించుకుంది. కింది అంతస్తులో ఎరిట్రియా నుంచి ఒకమ్మాయి కొత్తగా దిగిందట, పోస్టాఫీసుకు తోడు రమ్మందట.

"అక్కడ కౌంటర్లోకి కొత్తాయన వచ్చాడే, తాటిచెట్టంత ఉన్నాడు," అంది పిన్ని ఉత్సాహంగా బొత్తాలు పెట్టుకుంటూ. "ఏ ఊరివాడో ఏమిటో."