పళ్ళు లేని విభాగంలో మొదటి బహుమతి

ఆ ఏడు మార్చిలో, ఒక శనివారం మధ్యాహ్నం రెండూ పదికి వినుకొండ వైపు ఆకాశం నల్లబడింది. టైము నాకు కచ్చితంగా గుర్తుంది. అప్పుడే వాచీ చూసుకుని కల్లంలో కాయ తిరగేయడం మొదలుపెట్టాను. నేల మీద ఏడు టార్పాలిన్ పట్టాలు, ఏడింటి మీదా ఎండు మిర్చి. అదే మా ఏడాది పంట. తడిస్తే రంగు పోయి తెల్లబడుతుంది. తెల్లబడిన కాయను తాలు అంటారు. తాలును ఎవరూ ఇష్టంగా కొనరు.

కల్లంలో ఉన్నది నేనూ మా కోడలూ. మా అబ్బాయి బండి మీంచి పడి కాలు విరిగి గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు. కోడలు రాత్రంతా అక్కడే ఉండి, పొద్దున్నే సత్తెనపల్లిలో బస్సు దిగి తిన్నగా కల్లానికి వచ్చింది. అన్నానికి వెళ్ళిన కూలీలు మబ్బు చూసి ఎవరి కల్లానికి వాళ్ళు పరుగెత్తారు.

మామూలుగా అయితే కాయను కుప్ప చేసి పైన పట్టా కప్పేస్తాం. కానీ మా కల్లం పల్లంలో ఉంది, పైన ఎంత కప్పినా నీళ్ళు కిందనుంచి వస్తాయి. గట్టు మీద పక్క కల్లం ఆవిడ రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. వాళ్ళ కాయ అంతకు ముందే కోల్డ్ స్టోరేజీకి పోయింది. ఏడు పట్టాలనూ మూటలు కట్టి ఆ షెడ్డులోకి ఈడిస్తేనే పంట మాకు దక్కుతుంది.

కోడలు ఒక పట్టా కొసలు ముడేసి లాగింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. అక్కడే కూలబడిపోయింది.

"నా వల్ల కాదత్తయ్యా. అక్కడ ఆయన, ఇక్కడ ఇది. తడిస్తే తడవనీయండి."

ఏడవలేదు. ఏడ్చినా బాగుండుననిపించింది నాకు. నా మోకాళ్ళకు బరువు లాగే పని డాక్టరు వద్దన్నాడు. ఇక నాలో పనిచేసేది నోరొక్కటే.

మా పుట్టింట్లో పందెపు ఎడ్లు ఉండేవి. బండలాగుడు పందేలకు చిన్నప్పటి నుంచీ వెళ్తాను. ఏ ఎడ్ల జత బండరాతిని ఎంత దూరం లాగిందో అడుగులు, అంగుళాలతో సహా చెప్పగలను. ఈమధ్య ఫోన్లో చూస్తున్నాను. మైకులో వ్యాఖ్యానం మొదలైతే నాకు కూర్చోబుద్ధి కాదు. నీళ్ళ డ్రమ్ము మీదున్న ప్లాస్టిక్ మగ్గు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"బండలాగుడు అభిమానులందరికీ నమస్కారం! గుంటూరు నుంచి నేరుగా బరిలోకి దిగింది మా ఇంటి గిత్త! జతలో రెండో గిత్త ఎక్కడున్నా వెంటనే రావాలి, పందెం ఆలస్యమవుతోంది!"

కోడలు తలెత్తి చూసింది. "అత్తయ్యా, మీకేమన్నా అయిందా?"

గట్టు మీంచి పక్క కల్లం ఆవిడ పరుగెత్తుకొచ్చింది. మా ఊరి ముస్లింల ఇంటావిడ, నాకన్నా రెండేళ్ళు చిన్న. "ఏందక్కా ఆ అరుపులు? పామేమన్నా వచ్చిందా?"

"రెండో గిత్త వచ్చేసింది! ఏ విభాగమో చూడాలి. నోరు తెరువు!"

పందెంలో ఎడ్లను పళ్ళను బట్టి విడదీస్తారు. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి ఒకటి, నాలుగు పళ్ళవి ఇంకొకటి. ఆవిడకు ఈ సంగతి బాగా తెలుసు. నడుం మీద చేతులు పెట్టుకుని నోరు తెరిచింది. ముందు పళ్ళు ఎప్పుడో ఊడిపోయాయి.

"పళ్ళు లేని విభాగం!" అని ప్రకటించాను.

"నీ నోట్లోవి మాత్రం నీ సొంతమా అక్కా? రాత్రిపూట గ్లాసులో నానేసుకునేవేగా!"

కోడలు నవ్వింది. నవ్వుతూనే లేచి చీర కుచ్చిళ్ళు ఎగదోపింది.

మూటకు తాడు కట్టి ఇద్దరూ చెరో పక్క పట్టుకున్నారు. నిబంధన చెప్పాను: షెడ్డు వెనక గుంజకు మూట తగిలితేనే రౌండు, బెత్తెడు తగ్గినా ఒప్పుకోను. మొదటి మూట కదిలింది. నేను మగ్గులో గొంతు చించుకున్నాను. "అదిగో గట్టెక్కింది! పళ్ళు లేని గిత్త కొంచెం వెనకబడింది, ఆ గిత్తకు ఎవరైనా తవుడు పెట్టండి!"

"నిన్ను కట్టేస్తా అక్కా ఈ తాడుకే!"

"తగిలిందత్తయ్యా!"

"తగల్లేదు. ఇంకా లాగు."

"ఈ అంపైరుకు జాలి లేదే తల్లీ" అంది పక్క కల్లం ఆవిడ. కానీ లాగింది.

ఘాటుకు ముగ్గురమూ తుమ్ముతూనే ఉన్నాం. తుమ్మితే ఫౌలని పెడదామనుకున్నాను కానీ ముందు తుమ్మింది వ్యాఖ్యాతే. మూడో మూట, నాలుగో మూట. గాలికి దుమ్ము లేస్తోంది, ఉరుము దగ్గరికొస్తోంది, కోడలు "అత్తయ్యా, రౌండెంత? రౌండెంత?" అని అరుస్తోంది. ఆరో మూట గుంజకు తగిలేసరికి మొదటి చినుకు నా మగ్గులో పడింది.

ఏడోది గట్టు దగ్గర ఇరుక్కుంది. ఇద్దరి కాళ్ళూ జారుతున్నాయి. నేను మగ్గు పారేసి తాడు పట్టుకున్నాను.

"అంపైరు తాడు పట్టకూడదక్కా!"

"నోరు మూసుకుని లాగు!"

ముగ్గురం ఒక్క ఊపున లాగాం. మూట గట్టెక్కి షెడ్డులోకి దొర్లింది, దాని మీద మేం పడ్డాం, రేకుల మీద వాన పడింది. ఊపిరాడక, నవ్వాగక అలాగే పడున్నాం.

ఫోన్ మోగింది. మా అబ్బాయి. స్పీకరు పెట్టింది కోడలు.

"కాయ తడిసిందా?"

"తడవలేదు. ఏడు రౌండ్లూ అయిపోయినయ్."

"రౌండ్లేంటి?"

కోడలు నా వైపు చూసింది. నేను గుంజ వైపు చూశాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"ఏడోది తగల్లేదమ్మా. బెత్తెడు ఉంది."

పక్క కల్లం ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. కోడలు ఫోన్ నా చేతిలో పెట్టి లేచింది. తాడు భుజం మీంచి వేసుకుని, మడమలు నేలకు తన్నిపెట్టి, ఒక్కతే లాగింది. మూట జరిగి జరిగి గుంజకు కొట్టుకుంది.

"ఇప్పుడో?" అంది, మొహమంతా దుమ్ముతో.

మగ్గు వానలో ఉండిపోయింది. అందుకని రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, ఆస్పత్రిలో మా అబ్బాయికి కూడా వినపడేలా ఫలితం ప్రకటించాను.