ఆరు వేల రెండు వందల పద్నాలుగు గద్దలు

మా పెద్దమ్మ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. ముప్పయ్యేళ్లూ అదే కుర్చీ, అదే ఎర్ర పెన్సిలు. మందుసీసా మీది చీటీలో తప్పు కనబడితే, అది దిద్దాకే మందు తాగేది. అంత చాదస్తపు మనిషి ఏడాదికి ఒక్క నెల, ఆకులు పండబారి చలి ఇంకా మొదలుకాని రోజుల్లో, పెన్సిలు సొరుగులో పడేసి సెలవు పెట్టి, ఆకాశంలోకి చూస్తూ కూర్చునేది. ఉత్తరం నుంచి దక్షిణానికి వలసపోయే గద్దల్ని లెక్కపెట్టేది. ఇంట్లో అందరికీ అదో నవ్వులాట. నాకు మాత్రం అసూయగా ఉండేది. నెల్లాళ్లు తలెత్తుకుని కూర్చునే తీరిక నా బతుక్కి ఎప్పుడూ దొరకలేదు.

అచ్చాఫీసు డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, రెండు మడత కుర్చీలు వేసేవాళ్లు. రెండోది పెదనాన్నది. ఆయన అదే ఆఫీసులో పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆవిడ లెక్కపెట్టాలి, గంటకోసారి ఆయన నోటుపుస్తకంలో అంకె ఎక్కించాలి. ఆయన అంకె తప్ప ఇంకేమీ రాసేవాడు కాదు.

అక్కడికి ఇనప నిచ్చెన ఎక్కాలి. మొదటిసారి ఎక్కినప్పుడు నా తల ప్రాణం తోకకొచ్చింది. పైకి చేరాక మాత్రం దిగబుద్ధి కాలేదు. పొద్దెక్కి పెంకుటిళ్లూ రేకులూ కాగాయంటే, ఊరి మీద నుంచి వేడిగాలి లేస్తుంది. ఎక్కణ్ణుంచో చుక్కల్లా వచ్చిన గద్దలు అందులో పడి, రెక్క ఆడించకుండా, గ్లాసులో కలిపిన టీపొడిలా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. చూస్తూ కూర్చుంటే మన ఒళ్లు కూడా తేలికైపోతుంది. కిందనున్న వీధీ సైకిలు బెల్లూ ఇంకెవరివో అనిపిస్తాయి.

నేను ఉత్సాహం ఆపుకోలేక ఒకటి, రెండు అని మొదలుపెట్టాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. సుడిలో ఉన్నప్పుడు లెక్కపెడితే, తిరిగిందే తిరిగి ఒక్క గద్ద నాలుగవుతుందిట. పైకంటా పోయాక ఒకదాని వెనక ఒకటి జారి దక్షిణానికి సాగిపోతాయి. అప్పుడు, ఊరి చివరి మిల్లు చిమ్నీని దాటినదానికే ఆవిడ చేతిలోని కౌంటర్ మీట నొక్కేది. ఒక గద్దకి ఒక నొక్కు.

మా ఇంట్లో అందరికీ నోటికొచ్చిన అంకె ఒకటుంది. ఆరు వేల రెండు వందల పద్నాలుగు. ఒకే రోజున వచ్చినవి. అంతకు ముందుగానీ తర్వాతగానీ అన్ని రాలేదు. ఆ పేజీలో పెదనాన్న మొదటిసారి అంకె పక్కన నాలుగు మాటలు రాశాడు: ‘ఇంత ఎప్పుడూ లేదు. సంతోషం.’ ఆ చలికాలమే ఆయన పోయాడు. ఆ తర్వాత పెద్దమ్మ ఒక్కతే ఎక్కేది, ఒక్కతే రాసుకునేది.

తొమ్మిదేళ్లు గడిచాయి. పక్షుల సంఘంవాళ్లు ఆవిడ లెక్కలన్నీ పుస్తకంగా వేస్తామన్నారు. ఆవిడ ఉద్యోగం మానేసి అప్పటికి చాలాకాలమైనా, ప్రూఫులు ఇంకొకరి చేత దిద్దనిస్తుందా? ఇంటికే తెప్పించుకుంది. నేను వెళ్లేసరికి కాగితాలు కిటికీ పక్కన బల్ల మీద ఉన్నాయి. మూడు రోజుల్నించీ ఆ ఆరు వేల అంకె ఉన్న పేజీ దగ్గరే ఆగిపోయిందని అర్థమైంది. ముందుమాటలో సంఘంవాళ్లు ఆ రోజుతో పోల్చి గద్దలు సగానికి సగం పడిపోయాయని బాధపడ్డారు.

నన్ను కూర్చోమని, తలుపు దగ్గరికి వేసి చెప్పింది. ఆ రోజు ఒంటిగంటకి కౌంటర్‌లో మూడు వేల ఎనిమిది వందల డెబ్బై ఉంది. ఎండ వెచ్చగా, గాలి మెత్తగా ఉంది. గద్దలు తెగకుండా వస్తూనే ఉన్నాయి. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. నిద్రలోనూ అవే గద్దలు, అంతే ఒద్దికగా, ఒకదాని వెనక ఒకటి. మెలకువ వచ్చేసరికి బొటనవేలు మీట మీద ఆడుతూనే ఉంది. రెండయింది. ఎంత అని పెదనాన్న అడిగితే చేతిలో ఉన్న అంకె చదివింది. ఆ తర్వాత గాలి తిరిగి, ఇక ఒక్కటీ రాలేదు.

“కలలో కూడా చిమ్నీ దాటినవాటికే నొక్కానే,” అంది. నవ్వబోయి ఆగిపోయింది. “అందులో గద్దలెన్నో, కలెంతో నాకే తెలీదు.”

ఎర్ర పెన్సిలు తీసింది. వద్దన్నాను. ఎవరికి తెలుస్తుంది, ఎవరికి నష్టం అని వాదించాను. రాని గద్దల కోసం సంఘంవాళ్లంతా ఏడుస్తున్నారు, అది నష్టం కాదా అంది. నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు, తప్పుని తప్పుగా ఉండనివ్వలేని ఆ పెన్సిలు మీద. ఆయన జీవితమంతటికీ రాసుకున్న సంతోషం ఆ ఒక్క పేజీలోనే ఉందే!

“ఆయన ఆ అంకెనే నమ్ముకుని పోయాడు పెద్దమ్మా. దాన్ని కొట్టెయ్యకు.”

ఆవిడ పెన్సిలు పట్టుకునే నావైపు తిరిగింది.

“నేను నిద్రపోయానని ఆయనకి తెలీదనుకున్నావా? నా తల ఆయన భుజం మీదే ఉంది.”

ఆవిడ కాగితం దగ్గరికి లాక్కుంది.

“తెలిసే రాశారు, నేను మురిసిపోతానని. ఆయన మురిసిపోతున్నారని నేనూ నోరు విప్పలేదు. తొమ్మిదేళ్లు పట్టింది నాకు ఇది అర్థమవడానికి.”

అంకె మీద గీత గీసింది. అంచున గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘ఒంటిగంట నుంచి రెండు వరకు లెక్క లేదు. లెక్కపెట్టే మనిషి నిద్రపోయింది.’ ఆ తర్వాత కొత్త అంకె వేసి, కాగితం నా చేతికిచ్చి, పైకి చదవమంది. ప్రూఫు దిద్దేటప్పుడు ఒకరు చదవాలి, ఒకరు వినాలి.

“మూడు వేల ఎనిమిది వందల డెబ్బై,” అని చదివాను.

మళ్లీ చదవమంది. ఈసారి సగంలోనే ఆగిపోయాను. మిగతా సగం ఆవిడే పలికి, పేజీ తిప్పింది.