మా అత్త గుండెను నేను చూపించుకొచ్చిన వైనం

నేనొకసారి మా అత్త గుండెను ఇంట్లోనే వదిలేసి, దాన్ని డాక్టరుకు చూపించడానికి కావలి పట్నానికి వెళ్ళొచ్చాను. మీరు సరిగ్గానే చదివారు. అప్పటికి నా తలకాయ మెడమీదే ఉంది గానీ, పూలు పెట్టుకోవడానికి తప్ప ఇంకెందుకూ దాన్ని వాడేదాన్ని కాదు. దానివల్ల ఎంత ముప్పు ముంచుకొచ్చిందో చెబుతాను. ముందు నవ్వుకోండి, తర్వాత తీరిగ్గా తిట్టుకోండి.

మా అత్త పరాయి మనిషి కాదు, మా నాయనకు సొంత అక్క. మాది బోగోలు దగ్గర పల్లె. ఆమె కొడుకును, అంటే మా బావను, చేసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. అత్తకు నేను కోడలినన్న సంగతి ఎప్పుడూ గుర్తుండేది కాదు. చేతికి దొరికితే చాలు, కూర్చోబెట్టి తల దువ్వేది.

ఒకనాడు అలా దువ్వించుకుంటూ వెనక్కి వాలితే నా చెవి ఆమె గుండెకు ఆనింది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో వడ్లు దంచుతుంటే పోటు వెనక పోటు ఎంత వరసగా పడుతుందో మీకు తెలుసు. అత్త లోపల దంచేవాళ్ళు మాత్రం పోట్లాడుకుంటున్నట్టున్నారు. గబగబా కొన్ని పోట్లు, తర్వాత ఉలుకూ పలుకూ లేదు, మళ్ళీ ధబ్బున ఒకటి!

"అత్తా, లోపలేంది అట్లా కొట్టుకుంటా ఉండాది?"

"అదా? ఎండాకాలం నించీ అంతేలే. దాని మానాన దాన్ని కొట్టుకోనీమ్మే."

"కళ్ళు తిరగతాయా?"

"బిందె ఎత్తితే తిరగతాయి. ఎత్తకపోతే నీ వాగుడికి తిరగతాయి."

"కావలికి పోయి చూపించుకుందాం రా అత్తా."

అత్త దువ్వెన కింద పెట్టేసింది. "ఆ డాక్టరు గొట్టం తెచ్చి రొమ్ముమీద పెడతాడంట! పరాయి మొగోడి ముందర పైట తీసేదానికి నేను పుట్టలా. ఇంకోసారి ఆ మాటెత్తినావంటే చూడు."

ఆ రోజు నుంచీ బిందె నేనే మోశాను గానీ, నా మనసు కుదుటపడలేదు. చిన్నప్పుడు అమ్మ పోయిన నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అత్తదే. ఆ చెయ్యి లేని ఇంటిని తలుచుకోవడం కూడా నా వల్ల కాలేదు.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. జ్వరమో దగ్గో వస్తే, పడుకున్న మనిషి పడుకునే ఉంటాడు. ఇంట్లో కాళ్ళాడేవాళ్ళు ఖాళీ సీసా ఒకటి కడిగి పట్టుకుని కావలికి వెళ్ళి, కాంపౌండరుకు రోగం వర్ణించి చెప్పి, ఎర్రమందు పోయించుకొస్తారు. సీసా వెళ్తే చాలు, మనిషి వెళ్ళాలన్న పట్టింపు లేదు. జ్వరానికి పనికొచ్చిన పద్ధతి గుండెకు మాత్రం ఎందుకు పనికిరాదు? ఒక్కటే చిక్కు. గుండె చూసే డాక్టరు మాత్రం రోగి కంటికి కనబడకపోతే మందివ్వడట. అయితే ఆ రోగిని నేనే అయిపోతే సరి!

బావ పొలం కోతల్లో ఉన్నాడు. చీర కొనుక్కుంటానని చెప్పి, సీసా సంచిలో వేసుకుని, కదిలిపోతున్న బస్సు వెనక పరిగెత్తి ఎక్కాను. దిగాక మళ్ళీ పరుగే, ఆలస్యమైతే తలుపు మూసేస్తారేమోనని.

డాక్టరు పెద్దాయన, కళ్ళజోడు. "ఏమ్మా, ఏమిటి బాధ?" అన్నాడు.

"గుండెదడ సార్. ఆగి ఆగి కొట్టుకుంటాది. బిందె ఎత్తితే కళ్ళు తిరగతాయి. మోకాళ్ళు పట్టేస్తాయి. పొద్దు గూకితే చూపు ఆనదు." అత్తవి ఒక్కటీ వదలకుండా అప్పజెప్పాను.

"నీకు ఎన్నేళ్ళు?"

"ఇరవై సార్."

"మోకాళ్ళు ఎప్పట్నుంచీ?"

"కడగొట్టు బిడ్డ పుట్టినప్పట్నించీ సార్."

"మొత్తం ఎంతమంది?"

"ఆరుమంది సార్."

డాక్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశాడు. "మొదటి కాన్పు ఉయ్యాల్లోనే అయిందా తల్లీ?"

"నోరు జారింది సార్, ఇంకా ఒక్కరూ లేరు" అని తల వంచుకున్నాను.

ఇక గొట్టం వచ్చింది. నాకు మాత్రం సిగ్గు లేదా? అత్త కోసమే గదా అని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆయన విన్నాడు, వీపున కూడా పెట్టి విన్నాడు.

"బస్సు కోసం పరిగెత్తావా?"

"అవును సార్."

"అందుకే ఈ వేగం. వరస ఎక్కడా తప్పలేదు. నీ గుండెకు ఏ లోపమూ లేదు. దేనికో బెదిరిపోయావు, అంతే. బలానికి మందిస్తాను, వెళ్ళిరా."

నా ఆనందం చూడాలి! లక్షణాలన్నీ విన్న డాక్టరు ఏ లోపమూ లేదన్నాడంటే, అత్తకు ఏ లోపమూ లేనట్టే గదా? ఆ గొట్టం విన్నది ఎవరి గుండెనన్న అనుమానం దారంతా ఒక్కసారి కూడా రాలేదు.

"అత్తా! నీ గుండె నిక్షేపంగా ఉండాదంట!"

"చూసినావా, నేను చెప్పలా? మనిషిని చూడకుండానే చెప్పినాడే, మహానుభావుడు!"

ఆ ధైర్యంతో అత్త మర్నాడే నా చంకలోని బిందె లాక్కుంది. నేను మురిసిపోయాను. ఆ వారంలోనే ఒక పొద్దున బావి దగ్గర బిందె దొర్లిన చప్పుడైంది. పరిగెత్తి వెళ్తే అత్త గోడకు జారగిలబడి ఉంది, మొహం బూడిదలా ఉంది.

"అమ్మే... లోపల ఎవరో తలుపు బాదతా ఉండారే" అంది.

బావ బండి కట్టాడు. అత్త తల ఒళ్ళో పెట్టుకుని, ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"అంటే ఆయన చూసింది నీ గుండెనా?" అంది అత్త నీరసంగా.

"ఊ."

"మరి నాది బాగుందని ఎట్ల చెప్పినాడే?"

"రోగమంతా నీదే చెప్పినా అత్తా. గుండె ఒకటే నాది."

బావ పగ్గాలు బిగించి వెనక్కి తిరిగాడు. "ఓసి నీ తెలివి తగలెయ్య! అసలుదొకటే మార్చినావా?"

కావలిలో డాక్టరు నన్ను చూడగానే, "ఆరుగురి తల్లీ, మళ్ళీ వచ్చావా?" అన్నాడు. నా ఏడుపు చూసి నవ్వు ఆపేశాడు.

"ఈమెది సార్. అప్పుడు చెప్పినవన్నీ ఈమెవి."

అత్త పైట రెండు చేతులతో పట్టుకుంది. ఆయనకు అర్థమైంది. గొట్టం చివరనున్న బిళ్ళ నా చేతికిచ్చాడు. "నేను ముట్టుకోను పెద్దమ్మా. మీ కోడలు పెడుతుంది, నేను ఇక్కణ్ణుంచే వింటాను."

పైట కిందికి చెయ్యి పోనిచ్చి, ఆయన చెప్పినచోటల్లా పెట్టాను. బిళ్ళ పక్కకు జారిపోతుంటే అత్తే నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆయన కళ్ళు మూసుకుని ఎంతసేపు విన్నాడో!

"వరస బాగా తప్పింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే చెయ్యి దాటేది. రోజూ మాత్ర వెయ్యాలి, బరువు ఎత్తకూడదు. నెలనెలా ఈమె వచ్చి చూపించుకోవాలి." నావైపు తిరిగి, "ఈమె అంటే ఈమె" అన్నాడు.

అక్కడే కొన్నాళ్ళు ఉంచుకుని పంపించారు. ఇంటికి వస్తుంటే బండిలో అత్త ఉన్నట్టుండి అడిగింది: "అమ్మే, ఆ మొదటిసారి నీ గుండె విని ఆయనేమన్నాడు?"

"ఏ లోపమూ లేదన్నాడు."

"దానికి కావలిదాకా పోవాల్నా? నన్నడిగితే నేను చెప్పనా!"

కోప్పడుతుందని కాచుకుని ఉన్న నాకు, ఆ మాటతో కళ్ళు నిండి దారి కనబడకుండా పోయింది.

అత్త ఇప్పుడు నెలనెలా ఇస్త్రీ చీర కట్టుకుని మరీ కావలికి వస్తోంది. మొన్న మా బావ దవడ వాచి మూలుగుతూ, "పన్ను పీకించుకోవాలంట, నాకు భయం. నువ్వు పోయిరారాదా? నీకు అలవాటే గదా" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "పోతాదిలేరా. దాని పన్ను పీకించుకోనొచ్చి నీ చేతిలో పెడతాది, నొప్పి తగ్గతాదేమో చూసుకో!"

అందుకే మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకొకరి రోగాన్ని నాదంటూ ఏ డాక్టరు ముందూ కూర్చోను. ఎవరి గుండె, ఎవరి పన్ను, ఎవరి మోకాలు వాళ్ళే మోసుకుని బస్సెక్కాలి. పక్క సీట్లో తోడు కావాలంటే మాత్రం పిలవండి, పరిగెత్తుకుంటూ వస్తాను.